పరగడుపునేనా అక్కా?

రక్తం తీసి ట్యూబును స్టాండులో నిలబెట్టి, గడ్డ కట్టాక మిషన్లో వేసి తిప్పితే పైన తేరుకునేది సీరం. మామూలు మనిషిదైతే లేత పసుపురంగులో ఉంటుంది. ట్యూబు వెనక క్యాలెండరు పెడితే తారీఖులు చదువుకోవచ్చు, అంత తేట. కామెర్ల మనిషిదైతే ముదురు పసుపు. సూది సరిగ్గా పడక కణాలు చితికితే ఎర్రనీళ్ళు, అది నా తప్పు, మళ్ళీ గుచ్చాల్సిందే. ఆ రోజు మిషన్ మూత తీస్తే ట్యూబులో ఉన్నది చిక్కటి మజ్జిగ.

"పరగడుపునేనా వచ్చింది?" అన్నాను, గొంతు కాస్త పెంచే.

పరగడుపు అనే మాటకు మా ముప్పాళ్ళలో చాలా అర్థాలున్నాయి. టీ తాగితే తిన్నట్టు కాదు. రెండు ఇడ్లీలు తింటే టిఫినే కాబట్టి తిన్నట్టు కాదు. మిరపకోతల రోజుల్లో తెల్లారకముందే చద్దన్నం తిని చేలోకి పోయేవాళ్ళు, మధ్యలో ల్యాబుకొచ్చి "పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలా బాబూ" అని ప్రమాణం చేస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రమాణాలు వింటున్నాను కాబట్టి ఆమె మాట కూడా నమ్మలేదు.

"రాత్రి ఎనిమిదింటికి తిన్నానన్నా. పొద్దున ఏం ముట్టుకోలా. మా వాళ్ళు అబద్ధాలాడతారనేగా నువ్వు అంటంది?" అంది ఆమె.

అనలైజర్ ట్రైగ్లిజరైడ్స్ 612 చూపించింది. 150 లోపు ఉండాల్సింది. 500 దాటిందంటే క్లోమానికి వాపు వస్తుందేమోనని డాక్టర్లు భయపడతారు. సీరాన్ని పలచన చేసి మళ్ళీ పెట్టాను, అంతే వచ్చింది. ఇక ఎల్‌డీఎల్ గడి ఖాళీగానే వదిలేశాను. మా లాంటి చిన్న ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను చాలావరకు కొలవం, లెక్క కడతాం. మొత్తం కొలెస్ట్రాల్ లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతును తీసేస్తే మిగిలేదే ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క పనికిరాదు. అయినా కంప్యూటరు ఏదో ఒక అంకె వేసే ఇస్తుంది, చూసుకోనివాడు సంతకం పెట్టే ఇస్తాడు.

ఆమె మా ల్యాబుకు రావడం అది రెండోసారి. మొదటిసారి జరిగింది చెబితే తప్ప ఈ మజ్జిగ సంగతి అర్థం కాదు. అందులో నా పాత్ర కూడా ఉంది.

మా మండలంలోదే ఒక ఊరు. పేరు రాయను, ఊరూ రాయను. పదిహేడేళ్ళప్పుడు ఇంట్లోంచి వెళ్ళిపోయి హైదరాబాదులో బతికింది. అక్కడ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ అని ఉండేది. 2021 జనవరిలో మొదలైంది, ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలో పెట్టిన మొదటి క్లినిక్. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు అమెరికా ప్రభుత్వ సాయంతో నడిపేవాళ్ళు. అక్కడి సిబ్బందిలో చాలామంది ట్రాన్స్‌జెండర్లే. ఆమె హార్మోన్లు వాడిందీ, మూడు నెలలకోసారి రక్తపరీక్షలు చేయించుకుందీ అక్కడే. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక సంతకంతో విదేశీ సాయం ఆగింది, నారాయణగూడలో తలుపు మూతపడింది. పుణె, కల్యాణ్ క్లినిక్కులకూ అదే గతి. తర్వాత ఆ ఏడాదే టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో హైదరాబాదు క్లినిక్ మళ్ళీ తెరుచుకుంది గానీ, ఈ మధ్యలో ఆమె ఊరికొచ్చేసింది. అమ్మకు బాగాలేదు. ఇంట్లో మాటల్లేవు, ఇంటి వెనక రేకుల గది మాత్రం ఇచ్చారు.

మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మాయి (హెల్పర్ని అలాగే పిలుస్తాం) ఆధార్ కార్డు చూసి పేరు గట్టిగా చదివింది. బెంచీ మీద నలుగురున్నారు, ఎవరూ లేవలేదు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. అప్పుడు ఆమె లేచి, కౌంటరు మీద పెన్ను తీసుకుని, ఆ పేరు కొట్టేసి తన పేరు రాసి, "ఇట్టా పిలువు చెల్లీ" అంది. ఆ తర్వాత వచ్చింది సాఫ్ట్‌వేర్. మేలా, ఫిమేలా అన్నది నొక్కకపోతే బిల్లు ముందుకు కదలదు. ఆధార్‌లో ఏముందో అదే నొక్కాం.

ఆ ఒక్క నొక్కుడుతో రిపోర్టులో నాలుగైదు చోట్ల తేడా వస్తుంది. హీమోగ్లోబిన్ మగవాళ్ళకు 13, ఆడవాళ్ళకు 12 ఉంటే చాలు. ఆమెకు 12.6. కంప్యూటరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టింది. హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ మగవాళ్ళకు 40, ఆడవాళ్ళకు 50 దాటాలి. ఆమెకు 44. అక్కడ నక్షత్రం పడలేదు. నేను రిపోర్టు చేతికిస్తూ, డాక్టరు చెప్పాల్సిన మాట నేను చెప్పేశాను: "రక్తం కొంచెం తక్కువుంది, ఆకుకూరలు తినండి. మిగతాదంతా బానే ఉంది."

టెస్టోస్టిరాన్ అణిగిపోతే హీమోగ్లోబిన్ దానంతటదే ఆడవాళ్ళ స్థాయికి దిగుతుంది. అది రక్తహీనత కాదు, మందు పనిచేస్తోందనడానికి గుర్తు. ఈ సంగతి నాకప్పుడు తెలియదు.

దానికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి. ఈస్ట్రడయాల్ పరీక్ష చేయించమని ఆమే అడిగింది. అది మా దగ్గర కాదు, సాయంత్రం కుర్రాడొచ్చి శాంపిల్ గుంటూరుకు పట్టుకెళతాడు. మూడో రోజుకు రిపోర్టొచ్చింది. 18. హైదరాబాదులో చేయించుకుంటే నూటపైన వచ్చేదట. "బాగా తగ్గిందక్కా" అన్నాను. అడిగింది చెప్పాను, అంతే అనుకున్నాను. ఆమె మౌనంగా కాయితం మడిచి బ్యాగులో పెట్టుకుపోయింది. మూడు నెలల తర్వాత మజ్జిగతో వచ్చింది.

ఆ 612 చూసి నరసరావుపేటలో నాకు తెలిసిన ఫిజీషియన్‌కు ఫోన్ చేశాను. మేం ఆయన్ని పేట డాక్టరుగారనే అంటాం. అంతా విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఏం మాత్రలు వేసుకుంటోంది?"

నాకు తెలియదు. రెండుసార్లు రక్తం తీశాను, పరగడుపునేనా అని రెండుసార్లూ అడిగాను, ఇది మాత్రం అడగలేదు. ఫోన్ చేతిలో పట్టుకునే ఆమె వైపు చూశాను. ఆమె బ్యాగు జిప్పు తీసి ఒక షీటు బల్ల మీద పెట్టింది. కుటుంబ నియంత్రణ మాత్రలు. ఇరవై ఒకటి తెల్లవి, ఏడు ముదురు రంగువి.

హైదరాబాదు చీటీ పాతబడింది, ఆ మాత్రలు ఈ చుట్టుపక్కల దొరకలేదు, దొరికినచోట చీటీ అడిగారు. ఇవైతే ఎవరూ ఏమీ అడగరు, చవక కూడా. మొదట్లో రోజుకు రెండు వేసుకునేది. నా 18 చూశాక నాలుగు చేసింది. "ఈ ముదురువి ఐరన్ అంట గదా, ముందు పారేసేదాన్ని. నువ్వు రక్తం తక్కువుందన్నాక అయి గూడా మింగుతున్నా" అంది. నక్షత్రం గుర్తు అంత పని చేసింది.

ఆ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ పేరు ఎథినైల్ ఈస్ట్రడయాల్. ఒంట్లో సహజంగా ఉండే ఈస్ట్రడయాల్‌కు అన్న కొడుకు లాంటిది, పోలికలున్నాయి గానీ అది వేరే మనిషి. ఈస్ట్రడయాల్ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. ఎన్ని మాత్రలు మింగినా రిపోర్టులో తక్కువే వస్తుంది. పైగా అది ఒంట్లో తయారయ్యే హార్మోన్లను కూడా అణిచేస్తుంది కాబట్టి ఇంకా తక్కువ వస్తుంది. నేను చెప్పిన 18 అబద్ధం కాదు. మిషన్ను ఒకటి అడిగాం, అది దానికే జవాబు చెప్పింది.

ఆ సాయంత్రం పేట డాక్టరుగారు ఫోన్లో అరగంట క్లాసు పీకారు. కడుపులోకి పోయిన మాత్ర ముందు కాలేయానికే చేరుతుంది. ఈస్ట్రోజన్ అక్కడ రెండు పనులు చేస్తుంది. కొవ్వును మూటకట్టి రక్తంలోకి వదలమని కాలేయాన్ని తొందరపెడుతుంది, ట్రైగ్లిజరైడ్స్ పెరగడం అందువల్లే. రక్తం గడ్డకట్టించే పదార్థాలను కూడా ఎక్కువ చేయిస్తుంది. ఈ రెంటిలోనూ ఎథినైల్ మొండిఘటం, కాలేయంలో తొందరగా అరగదు. ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు 1997లో 816 మంది ట్రాన్స్ మహిళల లెక్కలు ప్రకటించారు. వాళ్ళకిచ్చిన మందుల్లో ముఖ్యమైనది ఇదే, రోజుకు 100 మైక్రోగ్రాములు. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు మామూలు జనం కంటే 20 రెట్లు. చర్మం మీద అంటించే ఈస్ట్రడయాల్ పట్టీలు వచ్చాక ఆ కేసులు తగ్గాయట. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ట్రాన్స్ మహిళలకు ఎథినైల్ ఇవ్వనే వద్దన్నాయి.

నేను మాత్రల షీటు తిప్పి చూశాను. తెల్ల మాత్రలో 30 మైక్రోగ్రాములు. నాలుగు ముప్పైలు నూట ఇరవై. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు ఎప్పుడో వదిలేసిన డోసుకు పైన ఇరవై కలిపి, మా ముప్పాళ్ళ మండలంలో ఒక రేకుల గదిలో, ఏ డాక్టరూ లేకుండా.

ఇక్కడ నేను చూసినంతలో డాక్టర్లు రెండు రకాలు. ఒకాయన "ఇవన్నీ మానెయ్, నీకెందుకివి" అంటాడు. ఆమె సరేనని తలూపి, సత్తెనపల్లిలో షాపు మార్చి కొనుక్కుంటుంది. ఆ మాత్ర మానడమంటే ఆమె లెక్కలో మళ్ళీ గడ్డం మొలిపించుకోవడం. పేట డాక్టరుగారు మానమనలేదు, మార్చారు. చర్మానికి రాసుకునే ఈస్ట్రడయాల్ జెల్ రాశారు. అది కాలేయాన్ని పక్కనబెట్టి నేరుగా రక్తంలోకి పోతుంది. మగ హార్మోన్ను అణచడానికి స్పైరనోలాక్టోన్ రాసి, నాకు ఫోన్ చేసి పొటాషియం చూడమన్నారు. ఆ మందు పొటాషియంను ఒంట్లోనే ఆపేస్తుంది. ఆ శాంపిల్ మాత్రం కుర్రాడి బండి మీద గతుకుల్లో గుంటూరు దాకా ఊగితే కణాలు చితికి లేని పొటాషియం కనపడుతుంది కాబట్టి, ఇక్కడే సీరం వేరుచేసి పంపుతున్నాను.

జెల్ ఖరీదు ఎక్కువ. ఇదొక్కటే నాకు మింగుడుపడదు. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టం 15వ సెక్షన్‌లో హార్మోన్ చికిత్స కూడా ప్రభుత్వ ఆరోగ్య సదుపాయాల్లో భాగమని రాసి ఉంది. చట్టం వచ్చిన సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. జెల్ మాత్రం రైల్లో చప్పట్లు కొట్టి తెచ్చిన డబ్బుతోనే కొంటోంది.

రైలంటే గుర్తొచ్చింది. తిండి సంగతి అడగమని డాక్టరుగారు చెబితే అడిగాను. పొద్దున సత్తెనపల్లిలో ఎక్కుతుంది, నడికూడి వైపు పోయి మధ్యాహ్నం వెనక్కి. ప్రతి స్టేషన్లో టీ, చక్కెర దండిగా, ఎందుకంటే మధ్యలో తిండి ఉండదు. లెక్కపెడితే పది టీలు. మూత్రానికి స్టేషన్లో ఏ గదిలోకి పోయినా గొడవే కాబట్టి మంచినీళ్ళు తాగదు. రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారే బిర్యానీ పొట్లం. ఆమెకు మూడు నెలల షుగరు 6.1. ఇంకా జబ్బు కాదు, 6.5 దాటితే జబ్బు. టెస్టోస్టిరాన్ తగ్గాక కండ తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే కాబట్టి ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం తగ్గుతుంది. సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు దాచుకోవడం మనవాళ్ళకు ఎటూ ఉన్న గుణమే, దాని మీద ఇది.

డాక్టరుగారు నడుము చుట్టుకొలత కూడా తీయమన్నారు. బట్టల షాపు టేపు ఒకటి కొన్నాను. మా అమ్మాయి కొలిచింది, 88 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్ళకు 90 దాటితే ప్రమాదం, ఆడవాళ్ళకు 80 దాటితే. ఫోన్ చేసి "ఏ గడిలో వెయ్యమంటారు సార్?" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "హీమోగ్లోబిన్‌కు ఆడవాళ్ళ గడే చూడు. నడుముకీ హెచ్‌డీఎల్‌కీ మాత్రం గడి సంగతి వదిలెయ్. పోయినసారి ఎంతుందో పక్కన రాయి చాలు" అన్నారు. ఆమె హీమోగ్లోబిన్ 12.6, హెచ్‌డీఎల్ 44, నడుము 88. మూడూ సరిగ్గా రెండు గడుల మధ్యనే పడ్డాయి. ఎవరో కావాలని పెట్టినట్టు.

అప్పట్నుంచి ఆమె మరికొందరిని తీసుకొచ్చింది. మంగళవారం పొద్దున ఆరింటికి, షాపులు తెరవకముందు వస్తారు. ఆ టైము వాళ్ళే కోరుకున్నారు. అలా వచ్చినవాళ్ళలో ఒక పెద్దామె ఉంది. అరవై దగ్గర పడింది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా, పొట్ట కుండలా, నడుము ముందుకు వంగి. పరగడుపు షుగరు 243.

ఏం మందులు అని ఈసారి ముందే అడిగాను. "మందులా? నిర్వాణమయ్యాక నాకేం మందులయ్యా" అంది. నిర్వాణమంటే ఏమిటో అప్పటికి నాకు తెలుసు. డాక్టరుగారు 'ఒక హిజ్రా ఆత్మకథ' చదవమని ఇచ్చారు, రేవతి తమిళంలో రాసుకున్న జీవితం. తెలుగు చేసింది పి. సత్యవతిగారు, కొలకలూరు ఆమె. ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రక్తం తీస్తూ ఇరవై ఏళ్ళు గడిపినవాణ్ణి, ఆ పుస్తకం రెండు రోజుల్లో చదవలేకపోయాను, వారం పట్టింది.

పెద్దామెకు ఇరవై ఏళ్ళప్పుడు నిర్వాణం చేసి వృషణాలు తీసేశారు. తర్వాత ఏ హార్మోనూ వేసుకోలేదు. అంటే నలభై ఏళ్ళుగా ఆమె ఒంట్లో టెస్టోస్టిరాన్ దాదాపు లేదు, ఈస్ట్రోజనూ లేనట్టే. ఎముక గట్టిగా నిలవాలంటే రెంటిలో ఏదో ఒకటి ఉండాలి. కండా పోయింది, ఎముకా అరిగింది, కొవ్వు పొట్టలో చేరింది. ఎక్కువ మింగినామె ఒక పక్క, అసలేమీ మింగనామె ఒక పక్క, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నా సాఫ్ట్‌వేర్‌కు ఇద్దరూ ఒకటే.

పెద్దామెకు షుగరు మాత్రలు మొదలయ్యాయి. ఎముకల స్కానింగుకు గుంటూరు రమ్మన్నారు, రానంది. "ఆ మిషన్ గదిలో బట్టలు మార్చుకోమంటారు, ఎవరు చూస్తారో ఏందో." పింఛను నాలుగు వేలు ఒకటో తారీఖున వస్తుంది. అందులోంచి నా బిల్లు ఇవ్వబోతే వద్దన్నాను. ఊరుకోలేదు. వంద రూపాయలు బల్ల మీద పెట్టి, నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. పోతూ పోతూ అడిగింది: "నువ్వు మావోళ్ళలో ముసలోళ్ళని ఎంతమందిని చూశావ్?" వేళ్ళు లెక్కపెట్టాను. ఆమె ఒక్కతే.

సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఫోన్ చేసి మూడో గడి పెట్టమని అడిగాను. "అదర్ అని ఆల్రెడీ ఉందన్నా, సెట్టింగ్స్‌లో ఆన్ చెయ్యాలి. కాకపోతే అది నొక్కితే రేంజ్ గడి ఖాళీగా వస్తది" అన్నాడు. ఖాళీగా రావడమే నాకు కావాల్సింది. ఆ ఖాళీలో పాత అంకెలు ఎర్ర పెన్నుతో రాస్తున్నాను, తారీఖులతో సహా. కింద ఇంకో లైను: వాడుతున్న మందు, డోసు, ఎప్పట్నుంచి. ఆ రిపోర్టు చూసి వేరే ఊరి డాక్టరొకాయన ఫోన్ చేసి "నార్మల్ వాల్యూస్ లేకుండా ఇదేం రిపోర్టయ్యా" అని కోప్పడ్డాడు. చెప్పబోయాను, పెట్టేశాడు.

మజ్జిగ ట్యూబు తర్వాత మూడు నెలలకు ఆమె ట్రైగ్లిజరైడ్స్ 240, ఆ తర్వాత 171. సీరం తేటపడింది. మూడు నెలల షుగరు 6.1 నుంచి 5.9కి దిగి ఆగింది. పది టీలలో ఆరు చక్కెర లేకుండా తాగుతోందట, మిగతా నాలుగూ తన వల్ల కాదంది. నడుము ఒక్క సెంటీమీటరు పెరిగి 89 అయింది. అదేమిటని డాక్టరుగార్ని అడిగితే, తొడలూ పిరుదులూ కూడా కొలిచారా అన్నారు. కొలవలేదు. ఈసారి కొలవాలి.

మొన్న డిసెంబరులో వచ్చినప్పుడు ఎర్ర అంకెలన్నీ వేలితో తడుముకుంటూ చదివింది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావన్నా?"

"సంక్రాంతి పోయాక రండి. అరిసెలు తినకుండా రావాలి."

"అరిసెలు లేకుండా సంక్రాంతేందన్నా" అంది. ఈసారి పండక్కి ఇంట్లో కూడా తనే పాకం పట్టాలంట, అమ్మకు చేతకావట్లేదంట, తమ్ముడి భార్యే పిలిచిందంట. బ్యాగు భుజాన వేసుకుని, రైలుకు టైమైందని గబగబా మెట్లు దిగింది.